ఇనుముకూ చలి తగులుతుంది: ఆ ఖబర్ మజ్దూర్‌కు చెప్పాల్సిందెవరు?



గల్ఫ్‌లో ఏదో ప్లాంటులో ప్రమాదం జరిగి మనవాడొకడు పోయాడని ఖబర్ వస్తే, మన ఇళ్లలో ముందు ఇన్నా లిల్లాహి చదువుతాం. తర్వాత "తక్దీర్‌లో అంతే రాసుంది" అంటాం. ఆ తర్వాత మయ్యత్ ఎప్పుడొస్తుంది, కఫీల్ కాగితాల మీద సంతకం పెట్టాడా లేదా, ఇన్సూరెన్స్ ఎంత ఇస్తారు అన్న మాటలే. ఆ ట్యాంకు అసలెందుకు పగిలింది అని అడిగేవాళ్లు మాత్రం కనబడరు. ఎవరైనా అడిగినా, "పెద్ద పెద్ద ఇంజినీర్ల బాతాలు మనకేం సమజ్ అవుతాయి" అని కూర్చోబెడతారు.

నాకు ఈ చివరి మాట మీదే ఎతరాజ్. నేను ప్రెజర్ వెస్సెల్స్ తయారుచేసే షాపుల్లో ఇన్‌స్పెక్షన్ పని చేసినవాణ్ని. ఈ ఇల్మ్‌లో మన అమ్మీలకు, అబ్బాలకు అర్థం కానిది పెద్దగా ఏమీ లేదు. చెప్పేవాళ్లు లేరు, అంతే. అందుకని ఈసారి ఒకే ఒక్క విషయం రాస్తున్నాను. చలిలో స్టీలుకు ఏమవుతుంది?

నవ్వకండి. జుబైల్‌లో, రాస్ లఫాన్‌లో ఎండాకాలం నీడలోనే 45 డిగ్రీలు దాటే చోట చలి ఏమిటని మీరు అడుగుతారని తెలుసు. వలీమా దావత్‌లో దేగ్ కింద పెద్ద మంట పెట్టినప్పుడు గ్యాస్ సిలిండర్‌ను ఎప్పుడైనా చేత్తో ముట్టుకుని చూశారా? బయట ఎంత ఎండ ఉన్నా సిలిండర్ కింది సగం చల్లగా, చెమ్మగా ఉంటుంది. గ్యాస్ బాగా వేగంగా లాగితే తెల్లగా మంచు కూడా కడుతుంది. లోపలున్న ద్రవం గ్యాసుగా మారేటప్పుడు చుట్టుపక్కల వేడినంతా లాక్కుంటుంది. మీ సిలిండర్‌కు ఏమీ కాదు, ఘబరాయించకండి. అది చల్లబడిన కొద్దీ లోపల ఒత్తిడి కూడా పడిపోతుంది. కానీ ఇదే పని ఇల్లంత డ్రమ్ములో జరుగుతుందనుకోండి. ప్రొపేన్ మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 42 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఈథేన్ మైనస్ 89 దగ్గర. ఎల్ఎన్‌జీగా ఓడల్లో వెళ్లే మీథేన్ అయితే మైనస్ 162. ప్లాంటులో ఏదో గడబిడ అయి గ్యాస్‌ను ఒక్కసారిగా ఫ్లేర్‌కు వదిలేస్తే, ఎడారి ఎండలో నిలబడ్డ ఇనుము నిమిషాల్లో హిమాలయాల చలిని దాటిపోగలదు. కాబట్టి చలి బయటి మౌసమ్‌ది కాదు, లోపలి సరుకుది.

ఇక ఆ చలిలో స్టీలుకు ఏమవుతుంది అన్నది. స్టీలుకు రెండు గుణాలుంటాయి. ఒకటి తాకత్, అంటే ఎంత లాగితే సాగుతుంది, ఎంత లాగితే తెగుతుంది అన్నది. రెండోది, ఎక్కడో ఒక చిన్న పగులు ఇప్పటికే ఉంటే, అది పెరగకుండా ఆపే గుణం. ఇంజినీర్లు దీన్ని ఫ్రాక్చర్ టఫ్‌నెస్ అంటారు. నేను మాత్రం స్టీలు సబర్ అంటాను. మనుషుల్లాగే ఇందులోనూ తాకత్ వేరు, సబర్ వేరు. విచిత్రం ఏమిటంటే, మామూలు కార్బన్ స్టీలును చల్లబరిస్తే తాకత్ తగ్గదు, ఇంకా పెరుగుతుంది. తగ్గేది సబర్. అదీ మెల్లమెల్లగా కాదు. కొంత దూరం బాగానే ఉండి, కొన్ని పదుల డిగ్రీల తేడాలో మెట్టు దిగినట్టు పడిపోతుంది. గది వేడిలో వంగి, సాగి, ఉబ్బి, ఎన్నో ఇషారాలు ఇచ్చి గానీ తెగని స్టీలు, ఆ గీత కిందికి వెళ్తే గాజు గ్లాసులా పగులుతుంది. చప్పుడు వినబడేలోగా పగులు ఈ చివరి నుంచి ఆ చివరికి పోయి ఉంటుంది.

ఎందుకిలా? ఇనుములో అణువులు వరసలు వరసలుగా పేర్చి ఉంటాయి. లాగినప్పుడు ఆ వరసలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. ఆ జారడమే సాగడం. పగులు కొన దగ్గర పేరుకున్న జోర్ ఈ జారుడులో ఖర్చయిపోతుంది, పగులు మొన మొద్దుబారుతుంది. జారడానికి అణువులకు కొంచెం వేడి సాయం కావాలి. చలిలో ఆ సాయం లేక వరసలు బిగుసుకుపోతాయి. జోర్ ఎక్కడికీ పోలేక వరసల్నే చీల్చేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 లాంటి రకాల్లో అణువుల పేర్పు వేరు, అవి చలిలోనూ జారుతూనే ఉంటాయి, వాటికి ఈ మెట్టు బీమారీ లేదు. కార్బన్ స్టీలులో నికెల్ కలిపినా ఆ మెట్టు కిందికి పోతుంది. మూడున్నర శాతం నికెల్‌తో దాదాపు మైనస్ 100 దాకా, తొమ్మిది శాతంతో మైనస్ 196 దాకా వాడతారు. నేల మీది పెద్ద ఎల్ఎన్‌జీ ట్యాంకులు ఎక్కువగా ఆ తొమ్మిది శాతంతోనే కడతారు. మరి అన్నింటికీ అదే వాడొచ్చు కదా అంటే, పైసలు. నికెల్ ఖరీదు.

ఈ సబర్‌ను కొలిచే పరీక్షకు చార్పీ టెస్ట్ అని పేరు. నూరేళ్లకు పైగా చేస్తున్నారు. 55 మిల్లీమీటర్ల పొడవు, పది మిల్లీమీటర్ల చదరం ఉన్న చిన్న ముక్క తీసుకుని, మధ్యలో రెండు మిల్లీమీటర్ల లోతు గాటు పెట్టి, చల్లటి ద్రవంలో ముంచి, తీసిన అయిదు సెకన్లలోపు లోలకంలా ఊగే సమ్మెటతో కొడతారు. ముక్క ఎంత జోర్‌ను తినేసిందో ముల్లు చూపిస్తుంది. చాలా ప్రమాణాల్లో 27 జౌల్స్ అనేది గీత. మంచి ప్లేటు గది వేడిలో వంద పైనే తింటుంది. విరిగిన ముఖం చూస్తే నంబర్ చూడక్కర్లేదు. సబర్ ఉన్న ముక్క మసకగా, నార తీసినట్టు ఉంటుంది. లేని ముక్క చక్కెర పలుకుల్లా తళతళ మెరుస్తుంది. ఆ మెరుపు చూస్తే నాకు ఇప్పటికీ కడుపులో ఏదోలా ఉంటుంది.

ఇంత తెలిసిన విషయంలో మనుషులు ఎలా పోతారు? ఇక్కడే నా అసలు మాట.

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో లాంగ్‌ఫర్డ్ అనే చోట ఎస్సో కంపెనీ గ్యాస్ ప్లాంటు ఉంది. 1998 సెప్టెంబర్ 25న పొద్దున అక్కడ వేడి నూనె తిప్పే పంపులు ఆగిపోయాయి. వేడి నూనె రావడం ఆగింది గానీ అవతలి నుంచి చల్లటి ద్రవం వస్తూనే ఉంది. మామూలుగా వేడిగా నడవాల్సిన హీట్ ఎక్స్‌ఛేంజర్లు గంటల తరబడి చల్లబడుతూ పోయాయి. ప్లాంటులో కొన్ని భాగాలు మైనస్ 48 డిగ్రీలకు చేరాయి. పైన మంచు కట్టింది. ఒక చోట లీకు మొదలైంది. పనివాళ్లు బోల్టులు బిగించి చూశారు, ఆగలేదు. చల్లబడ్డందుకే లీకవుతోంది కదా, మళ్లీ వేడెక్కిస్తే సర్దుకుంటుందనుకున్నారు. మీరైనా నేనైనా అలాగే అనుకుంటాం. పంపులు మళ్లీ నడిపించి వేడి నూనె పంపారు. చల్లటి గ్లాసులో మరిగే చాయ్ పోసినట్టయింది. మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో ఎక్స్‌ఛేంజర్ పగిలింది, గ్యాస్ బయటికి వచ్చి అంటుకుంది. ఇద్దరు పోయారు, ఎనిమిది మంది గాయపడ్డారు. మంట రెండు రోజులకు పైగా కాలింది. రాష్ట్రం మొత్తానికి దాదాపు మూడు వారాల పాటు గ్యాస్ లేదు.

కంపెనీ ఏమంది? మేం ట్రెయినింగ్ ఇచ్చాం, రికార్డులు ఉన్నాయి, ఆపరేటర్లదే తప్పు అంది. ఆ రోజు ప్రాణాలకు తెగించి పని చేసినవాళ్ల మీదే ఇల్జామ్ పెట్టింది. ప్రభుత్వం రాయల్ కమిషన్ వేసింది. ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానంలో జడ్జిగా చేసిన డారిల్ డాసన్ దానికి పెద్ద. 1999 జూన్‌లో రిపోర్టు వచ్చింది. చలికి స్టీలు పెళుసవుతుందనీ, చల్లబడ్డ వెస్సెల్‌లోకి వేడి నూనె పంపితే పగలొచ్చనీ అక్కడ పని చేసేవాళ్లకు కంపెనీ సరిగ్గా నేర్పలేదని తేలింది. వేడి నూనె ఆగిపోతే ఏం చేయాలో రాతలో ఎక్కడా లేదు. ప్రమాదాలను ముందే వెదికి చూసే పెద్ద పరిశీలన ఆ ప్లాంటుకు చేద్దామనుకుని చేయకుండా వదిలేశారు. ప్లాంటులో కూర్చోవాల్సిన ఇంజినీర్లను 1992లోనే మెల్‌బోర్న్ ఆఫీసుకు పంపేశారు. ఇంకో సంగతి, నెల ముందు ఆగస్టు చివర్లో అదే ప్లాంటులో ఇలాగే చల్లబడిపోయింది. ఆ రోజు పగల్లేదు కాబట్టి రిపోర్టు కూడా రాయలేదు. 2001లో కోర్టు కంపెనీకి ఇరవై లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జుర్మానా వేసింది.

ఆ ఆపరేటర్లకు ఒక కమిషన్ దొరికింది. వాళ్ల భాషలో వాళ్ల మాట వినే జడ్జి దొరికాడు. ఇఖామా కఫీల్ దగ్గర పెట్టుకుని పని చేసే మన పిల్లలకు అలాంటిది దొరుకుతుందా? అందుకే ఈ ఇల్మ్ వాళ్ల చేతికి ముందే రావాలి.

కింద ఉన్నవాడి మీద ఇల్జామ్ వేయడం కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా హడావిడిగా వేలకొద్దీ వెల్డింగ్ ఓడలు కట్టింది. లిబర్టీ ఓడలే దాదాపు 2,700. 1943 జనవరి 16 రాత్రి, ఆరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో షెనెక్టడీ అనే సరికొత్త ట్యాంకరు రేవులో కట్టేసి ఉండగానే నడుము విరిగింది. తుఫాను లేదు, బాంబు లేదు, నీళ్లు నిమ్మళంగా ఉన్నాయి. మొదటి షక్ ఎవరి మీద? వెల్డర్ల మీద. నిజమే, కొన్ని చోట్ల వెల్డింగ్ బాగాలేదు. రివెట్ల ఓడలో పగులు ప్లేటు అంచు దగ్గర ఆగేది, వెల్డింగ్ ఓడలో ఆగడానికి చోటు లేదు. కానీ ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్‌కు చెందిన కాన్‌స్టన్స్ టిప్పర్ అనే ఆమె పరిశోధన చేసి, ఆ స్టీలే ఒక వేడి కిందికి పోతే సబర్ కోల్పోతుందని, ఒకే ప్లేటు వెచ్చగా ఉంటే సాగి చల్లగా ఉంటే పగులుతుందని చూపించింది. ఓడ డిజైన్ చేసినవాళ్లు ఆ స్టీలును ఎన్నుకున్నారు, వెల్డరు కాదు.

మజ్దూర్ తప్పు ఎప్పుడూ ఉండదా? ఉంటుంది. నేనే షాపులో ఎన్నోసార్లు గుస్సా అయినవాణ్ని. లిఫ్టింగ్ కోసం తాత్కాలికంగా ఒక ముక్క అతికించి, పనయ్యాక సుత్తితో కొట్టి పీకేసి, గాయాన్ని అలాగే వదిలేస్తారు. ఎలక్ట్రోడ్‌ను ఎక్కడపడితే అక్కడ గీకి వెలిగిస్తారు. తక్కువ వేడికి వేరే రకం 7018 రాడ్డు వాడమని రాసి ఉంటే, మామూలు 7018 అందుబాటులో ఉందని అదే వాడేస్తారు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకటి మైనస్ 30 దగ్గర పరీక్షించింది, ఇంకోటి మైనస్ 45 దగ్గర. ఆ చిన్న గాయమే పగులుకు పుట్టిల్లు, ఆ రాడ్డే దానికి దారి. అయితే ఎందుకు వద్దో వాడికెవరూ చెప్పలేదు. "ప్రొసీజర్‌లో రాసుంది, చెయ్" అన్నారు. ఎందుకో చెప్పకుండా ఇచ్చిన హుకుమ్‌ను పని తొందరలో మనిషి మరిచిపోతాడు. ఒకసారి ఒక కుర్ర ఫిట్టర్‌ను చార్పీ ల్యాబుకు తీసుకెళ్లి, ఒకే ప్లేటు నుంచి తీసిన రెండు ముక్కలు, ఒకటి మామూలుగా, ఒకటి బాగా చల్లబరిచి, వాడి ముందే విరగ్గొట్టించాను. వాడు ఆ మెరిసే ముక్కను తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత వాడి వెస్సెల్ మీద నేను ఆర్క్ గీత చూడలేదు.

మన వాళ్లలో కొందరు దీన్నంతా తవక్కుల్‌కు వ్యతిరేకం అనుకుంటారు. ఒంటెను కట్టాలా, లేక అల్లాహ్ మీద భరోసా పెట్టి వదిలేయాలా అని అడిగిన మనిషికి, ముందు కట్టి ఆ తర్వాత భరోసా పెట్టమని మన నబీ సల్లల్లాహు అలైహి వసల్లమ్ చెప్పిన సంగతి మదర్సా పిల్లాడికి కూడా తెలుసు. ఇంకొక సంగతి నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. దావూద్ అలైహిస్సలామ్ చేతిలో ఇనుమును అల్లాహ్ మెత్తన చేశాడని సూరా సబాలో ఉంది. చేతిలో మైనంలా వంగే ఇనుము ఇచ్చి కూడా, కవచాల కడియాలు కొలత ప్రకారం చెయ్యమని వెంటనే హుకుమ్ వచ్చింది. మోజిజా దొరికిన పైగంబర్‌కే కొలత మాఫీ కాలేదు.

కాబట్టి తెలిసినవాడు తెలియనివాడికి చెప్పకపోవడం నా లెక్కలో ఖియానత్. డిజైన్ చేసిన ఇంజినీర్‌కు ఆ స్టీలు ఎక్కడ పెళుసవుతుందో తెలుసు. ఆ అంకె అతని దగ్గర అమానత్. అది రెండు వందల పేజీల ఇంగ్లిష్ మాన్యువల్‌లో ఏదో మూల ఉంటే అమానత్ చేరినట్టు కాదు. గల్ఫ్ సైట్లలో ఉర్దూ, హిందీ అర్థం కాని మనవాడు అరుదు. పొద్దున్నే టూల్‌బాక్స్ మాటల్లో హెల్మెట్, షూస్, హార్నెస్ గురించి ఇంగ్లిష్‌లో చదివి సంతకాలు తీసుకుంటారు. "మంచు కట్టిన పైపు మీద సుత్తి దెబ్బ వేయొద్దు, దాంట్లోకి వేడిది పంపొద్దు, బోల్టులు బిగించొద్దు, ముందు ఇంజినీర్‌ను పిలువు" అన్న నాలుగు ముక్కలు ఉర్దూలో చెప్పడానికి కంపెనీకి ఎంత ఖర్చు?

మన ఇంటి వైపు తప్పు కూడా చెప్పాలి. ఆరు నెలల వెల్డింగ్ కోర్సు చేసిన పిల్లాడికి ఏజెంటు అయిదేళ్ల అనుభవం సర్టిఫికెట్ తెచ్చిస్తే, మనం దాన్ని బరకత్ అనుకుని లక్షలు పోస్తున్నాం. తన్ఖా పెరుగుతుంది నిజమే. కానీ అయిదేళ్ల పనివాడికి తెలిసి ఉంటుందని సూపర్‌వైజర్ చెప్పకుండా వదిలేసే విషయాలు వాడికి తెలియవు. అడిగితే సర్టిఫికెట్ అబద్ధమని బయటపడుతుందని వాడు అడగడు. ఈ జూట్ ధర ఏమిటో ఏజెంటుకు పట్టదు, మనకు పట్టాలి.

పాత ప్లాంట్ల గురించి ఒక్క మాట. కొత్తగా ఉన్నప్పుడు బాగున్న స్టీలు అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు. రిఫైనరీల్లో హైడ్రోజన్‌తో నడిచే మందపాటి క్రోమ్ మాలీ రియాక్టర్లు ఏళ్ల తరబడి నాలుగు వందల డిగ్రీల ప్రాంతంలో నడిచి నడిచి లోపల మారిపోతాయి, వాటి పెళుసు గీత పైకి జరుగుతుంది. ఎంతవరకంటే, కొన్ని పాత రియాక్టర్లు మామూలు గది వేడిలోనే పెళుసుగా ఉంటాయి. అందుకే షట్‌డౌన్ తర్వాత మళ్లీ నడిపేటప్పుడు ముందు వేడెక్కించాలి, ఫలానా వేడి వచ్చాకే ఒత్తిడి పెంచాలి. అణు రియాక్టర్లలోనూ న్యూట్రాన్ల దెబ్బకు ఇదే జరుగుతుంది. మన పిల్లలు ఎక్కువగా వెళ్లేది ఈ షట్‌డౌన్ పనులకే. నెల రోజుల కాంట్రాక్టు, పన్నెండు గంటల షిఫ్టు, తలకు ఇన్ని రోజుల్లో ప్లాంటు నడవాలన్న ఒత్తిడి. వేడెక్కేదాకా ఆగండి అని చెప్పే ధైర్యం అక్కడ ఎవరికుంటుందో దాని మీదే అంతా ఉంటుంది.

ప్రతి ప్రెజర్ వెస్సెల్‌కు ఒక లోహపు నేమ్‌ప్లేట్ ఉంటుంది. అమెరికన్ కోడ్ ప్రకారం కట్టినదైతే దాని మీద గరిష్ఠ ఒత్తిడి అంకె పక్కనే ఎండీఎంటీ అని ఇంకో అంకె ఉంటుంది. ఆ ఒత్తిడిలో ఆ లోహం ఇంతకంటే చల్లబడకూడదన్న కనిష్ఠ హద్దు అది. కొన్నింటి మీద మైనస్ 29 ఉంటుంది, కొన్నింటి మీద మైనస్ 46, మందం ఎక్కువైన కొన్నింటి మీద సున్నా పైన కూడా ఉంటుంది. నీళ్లతో ఒత్తిడి పరీక్ష చేసేటప్పుడు లోహం ఆ అంకె కంటే కనీసం 17 డిగ్రీలు వెచ్చగా ఉండాలని అదే కోడ్ చెబుతుంది. ఈ జుమ్మాకు మీ అబ్బాయి వీడియో కాల్ చేసినప్పుడు బిర్యానీ తిన్నావా, ఇకామా రెన్యూ అయిందా అని అడిగాక, నువ్వు పని చేసే డ్రమ్ము ప్లేటు మీద ఆ అంకె ఎంతుంది బేటా అని కూడా అడగండి. చూడలేదంటే రేపు చూసి చెప్పమనండి.